స్టిక్కరు మీద రాయని అంకె

(పర్లాకిమిడిలో ఒక ఆదివారం సాయంత్రం, గేమింగ్ లాప్‌టాప్ కొనాలనుకునే పిల్లల కోసం, డబ్బు కట్టే తల్లిదండ్రుల కోసం, ఒకే చిప్పున్న రెండు లాప్‌టాప్‌లకి స్కోర్లు వేరుగా ఎందుకొస్తాయో ఊళ్ళో లాప్‌టాప్ రిపేరు కొట్టు నడిపే ఆయన చెప్పిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం. మిగతాది ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? వినపడితే చెయ్యెత్తండి. ఆఁ, సరే.

మాటలు మొదలుపెట్టే ముందు ఒక పని చేసేస్తాను. ఈ బల్ల మీదున్నది నా సొంత లాప్‌టాప్. లోపల ఆర్‌టీఎక్స్ 4060 ఉంది, అంటే ఎన్‌విడియా కంపెనీ జీపీయూ, గేమ్ బొమ్మలు గీసే చిప్పు. దీంట్లో 3డీమార్క్ అనే ప్రోగ్రామ్, గేమ్‌లు ఎంత వేగంగా ఆడించగలదో మార్కులేసేది. అందులో టైమ్ స్పై అని ఒక పరీక్ష, దానికి స్ట్రెస్ టెస్ట్ అని ఒకటి. ఇదిగో, నొక్కేశాను. ఒకే సీనుని ఆపకుండా 20 సార్లు తిప్పి తిప్పి ఆడిస్తుంది. ఇంచుమించు పది నిమిషాలు పడుతుంది. ఫ్యాన్లు గోల చేస్తాయి, పట్టించుకోకండి. దాని పని అది చేసుకుంటుంది, మన పని మనం చేసుకుందాం. అయిపోయాక ఒక అంకె చూపిస్తుంది. అప్పుడు మళ్ళీ దాని దగ్గరికి వద్దాం.

ఇంకో మాట. ఇది గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు. జనం నోట్లో ఉన్న మాటే రాతలోనూ ఉండాలని పోట్లాడిన మనిషి ఆయన. అందుకని నేను జీపీయూని జీపీయూ అనే అంటాను, ర్యామ్‌ని ర్యామ్ అనే అంటాను. వాటికి సంస్కృతంలో పేర్లు పెట్టమని నన్నడగొద్దు. ఒడియా మిత్రులు కూడా నలుగురైదుగురు వచ్చారు, పక్కనున్నవాళ్ళు కాస్త చెవిలో చెబుతూ ఉండండి.

సరే, కథలోకి వస్తాను. పోయిన వేసవిలో నా కొట్టుకి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. అక్కచెల్లెళ్ళ పిల్లలు. పెద్దవాడు విశాఖపట్నంలో చదువుతున్నాడు, లాప్‌టాప్ అక్కడే కొన్నాడు. చిన్నవాడు బరంపురంలో కొన్నాడు. రెండింటి మీదా స్టిక్కరు ఒకటే, ఆర్‌టీఎక్స్ 4060. రెండింట్లోనూ 8 జీబీ గ్రాఫిక్స్ మెమరీ. సెలవులకి ఇంటికొచ్చి, ఇద్దరూ పక్కపక్కన పెట్టుకుని టైమ్ స్పై ఆడించారు. మగపిల్లలు కదా, పోటీ పెట్టుకోకుండా ఉంటారా? పెద్దవాడికి గ్రాఫిక్స్ స్కోరు పదివేల అయిదొందల దగ్గర వచ్చింది. చిన్నవాడికి 7,600.

ఇంట్లో గొడవ. చిన్నవాడి లాప్‌టాప్‌కి తొమ్మిది వేలు ఎక్కువ పెట్టారు మరి! వాళ్ళ నాన్నగారు కొట్టు గుమ్మంలో నిలబడి, "ఏటండీ ఇది, మాకు డూప్లికేట్ చిప్పు అంటగట్టేశాడా?" అన్నారు. కొన్న షాపువాడి మీదకి గొడవకి వెళ్ళడానికి బస్సు టికెట్టు కూడా తీసేసుకున్నారు.

డూప్లికేట్ కాదు. చిప్పు అసలుదే. షాపువాడు అబద్ధం ఒక్కటీ ఆడలేదు. ఆడలేదు గానీ, చెప్పాల్సిన మాట ఒకటి చెప్పలేదు. ఆ చెప్పని మాట గురించే ఇవాళ నేను ఎక్కువసేపు మాట్లాడతాను.

మీ ఇళ్ళలో ఎడ్లు ఉండేవి కదా, పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. ఒకే జాతి, ఒకే ఈడు, ఒకే సంతలో కొన్న జత. ఒకదానికి తవుడు, ఉలవలు పెట్టారు. రెండోదానికి ఎండుగడ్డి పడేశారు. నాగలి కడితే రెండూ ఒక్కలాగే లాగుతాయా? జాతి ఒకటే. మేత వేరు. జీపీయూకి మేత ఏమిటి? కరెంటు. ఎన్ని వాట్లు. అంతే. స్టిక్కరు మీద జాతి పేరు రాస్తారు, మేత ఎంతో రాయరు.

ఇప్పుడు అంకెలు చెబుతాను, ఫోన్లో రాసుకోండి. లాప్‌టాప్‌లలో పెట్టే ఆర్‌టీఎక్స్ 4060కి ఎన్‌విడియా వాళ్ళే ఇచ్చిన పరిధి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా. మళ్ళీ చెబుతున్నాను, 35 నుంచి 115. మూడు రెట్లకు పైగా తేడా! ఈ మధ్యలో ఎంత పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు? లాప్‌టాప్ తయారుచేసే కంపెనీ. పల్చగా, తేలిగ్గా చేసినవాడు తక్కువ పెడతాడు. లావుగా, ఇటుకలా చేసినవాడు ఎక్కువ పెడతాడు. దీనికి తోడు డైనమిక్ బూస్ట్ అని ఒకటుంది. సీపీయూకి, అంటే మిగతా పనులన్నీ చూసుకునే చిప్పుకి, పని తక్కువగా ఉన్నప్పుడు దాని వాటాలోంచి తీసి జీపీయూకి ఇంకో 25 వాట్ల దాకా ఇవ్వచ్చు. అలా కలిపితే 140. అదే చిప్పు ఒక లాప్‌టాప్‌లో 140 వాట్లు తాగుతుంది, ఇంకో లాప్‌టాప్‌లో అందులో సగం. చిప్పు వేగం కూడా ఒక అంకె కాదు. బూస్ట్ క్లాక్, అంటే చిప్పు అందుకోగల పై వేగం, 1,470 మెగాహెర్ట్జ్ నుంచి 2,370 మెగాహెర్ట్జ్ దాకా అని రాస్తారు. ఎక్కడ ఎంత పరిగెడుతుందో మేతని బట్టి.

4060 ఒక్కదాని సంగతే కాదిది. 4050కీ 35 నుంచి 115. 4070కీ 35 నుంచి 115. చూశారా తమాషా? మూడింటికీ పరిధి ఒకటే. అందుకని బాగా తక్కువ వాట్లిచ్చిన 4070 కన్నా నిండుగా వాట్లిచ్చిన 4060 ముందుకు పోయే సందర్భాలు ఉంటాయి. పెద్ద అంకె కొంటే పెద్ద స్కోరు వస్తుందని కళ్ళు మూసుకుని డబ్బు కట్టకండి.

ఇంతకు ముందు ఈ మాత్రం తేడా పేరులోనే తెలిసేది. 2017లో మాక్స్-క్యూ అని తెచ్చారు, గుర్తుందా? తక్కువ వాట్లది అని ఆ పేరు చూడగానే అర్థమయ్యేది. 2021లో 30 సిరీస్ వచ్చేసరికి ఆ తోక పేరులోంచి తీసేశారు. అందరూ గోల చేశాక, వాట్లు ఎంతో మీ ఉత్పత్తి పేజీల్లో రాయండని ఎన్‌విడియా తయారీదార్లకి చెప్పింది. కొందరు రాస్తున్నారు. కొందరు ఎక్కడో అడుగున, కందిపప్పులో రాయిలా, వెతికితే దొరికేట్టు రాస్తున్నారు.

డెస్క్‌టాప్ వాళ్ళ స్కోర్లు చూసి బెంగ పెట్టుకునే పిల్లలు ఉంటారు, వాళ్ళకొక మాట. డెస్క్‌టాప్ 4090లో 16,384 క్యూడా కోర్లు, అంటే చిప్పులో లెక్కలు చేసే చిన్న చిన్న భాగాలు. లాప్‌టాప్ 4090లో 9,728. పేరు ఒకటే, లోపలున్న సిలికాన్ ముక్కే వేరు. పేరు చూసి పెళ్ళి చేసుకున్నట్టు ఉంటుంది. అదే 3060 చూడండి, తలకిందులు. డెస్క్‌టాప్‌లో 3,584 కోర్లు, లాప్‌టాప్‌లో 3,840. లాప్‌టాప్‌లోనే ఎక్కువ. అయినా చాలాసార్లు డెస్క్‌టాప్‌దే పైచేయి. ఎందుకూ? మేత!

అయితే ఒకటి. వాట్లు రెండింతలు చేస్తే స్కోరు రెండింతలు అవుతుందా? అవదు. ఇక్కడ డిప్లొమా పిల్లలున్నారు, లెక్క చెప్పండి చూద్దాం. చిప్పు తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పాటు పెరుగుతుంది. వేగం పది శాతం పెంచాలి. దానికి వోల్టేజీ కూడా పది శాతం పెంచాల్సి వచ్చింది అనుకోండి. 1.1 ఇంటూ 1.1 ఇంటూ 1.1. ఎంత? ఆఁ, 1.33. పది శాతం వేగానికి ముప్పై మూడు శాతం కరెంటు. అందుకే కింద 50 నుంచి 80కి పెంచితే స్కోరు బాగా లేస్తుంది, 110 నుంచి 140కి పెంచితే కొంచెమే లేస్తుంది. పైకి పోయేకొద్దీ డబ్బంతా వేడి కిందే పోతుంది. కొండెక్కేవాడికి చివరి మైలే కష్టం, మన మహేంద్రగిరి ఎక్కినవాళ్ళని అడగండి.

చిన్నవాడి లాప్‌టాప్ దగ్గరికి వస్తాను. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచాను. కింద సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని ఉంటుంది, నొక్కితే ఒక పట్టిక వస్తుంది. అందులో మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అనే వరస. పెద్దవాడి దాంట్లో 140 వాట్లు. చిన్నవాడి దాంట్లో 80. అదొక్కటే చూపించాను వాళ్ళ నాన్నగారికి. ఆయన ఆ అంకెకేసి చూసి, "ఇది పెట్టె మీద ఎందుకు రాయలేదండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

కానీ 80 వాట్లయినా 7,600 తక్కువే అనిపించింది నాకు. ఇంకొంచెం రావాలి. చూస్తే లాప్‌టాప్ సైలెంట్ మోడ్‌లో ఉంది. హాస్టల్లో ఫ్యాను చప్పుడుకి పక్కవాడు తిడుతున్నాడని పెట్టుకుని మర్చిపోయాడట. ఈ మోడ్ మార్చే మీట ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. లెనోవో గేమింగ్ వాటిలో ఎఫ్ఎన్‌తో పాటు క్యూ. ఏసూస్ వాటిలో ఎఫ్ఎన్‌తో ఎఫ్5. మిగతావాళ్ళకి వాళ్ళ వాళ్ళ యాప్ ఉంటుంది. పర్ఫార్మెన్స్‌లో పెట్టి మళ్ళీ ఆడిస్తే 8,700 వచ్చింది. బస్సు టికెట్టు క్యాన్సిల్ చేసుకున్నారు. పెద్దవాడి పదివేల అయిదొందలు దీనికి రాదు, ఎప్పటికీ రాదు, అది దాని పుట్టుక. కానీ చిన్నవాడిది కిలో ఆరొందల గ్రాములు. పెద్దవాడిది రెండుంపావు కిలోలు, దానికి ఇటుకలాంటి అడాప్టరు వేరే. రోజూ బస్సులో మోసేవాడికి ఏది మంచిది? తొమ్మిది వేలు ఎక్కువ దేనికి తీసుకున్నాడంటే, పల్చదనానికి తీసుకున్నాడు.

ఆఁ, చప్పుడు తగ్గింది. టెస్టు అయిపోయినట్టుంది. చూద్దాం. 96.3 శాతం. ఎర్రగా ఫెయిల్ అని చూపిస్తోంది. ముందు వరస బాబూ, నవ్వకు.

ఈ అంకె ఏమిటో చెబుతాను. 20 రౌండ్లలో అన్నిటికన్నా బాగా ఆడిన రౌండు, అన్నిటికన్నా నీరసంగా ఆడిన రౌండు, రెండింటినీ తీసుకుని, నీరసానిది బాగా ఆడినదాంట్లో ఎంత శాతమో చెబుతుంది. 97 దాటితే పాస్. మొదటి రౌండులో చల్లగా ఉంది, దూకింది. చివరికి వేడెక్కింది, తగ్గింది. మీరు ఒక్క రౌండే ఆడించి స్కోరు ఫొటో తీసి స్నేహితుడికి పంపుతారు. ఆ ఫొటోలో ఉన్నది మొదటి రౌండు వీరత్వం. గంటసేపు గేమ్ ఆడేటప్పుడు మీకు దక్కేది చివరి రౌండు. స్ట్రెస్ టెస్టు ఉచిత వెర్షన్‌లో ఉండదు, డబ్బు కట్టి కొనాలి. నేను కొట్టు కోసం కొన్నాను. మీరు ఉచితందే వరసగా అయిదారు సార్లు ఆడించండి, సంగతి తెలిసిపోతుంది.

ఇప్పుడు ఎవరి దగ్గరైనా నీళ్ళ సీసా ఉందా? నీళ్ళొద్దు, మూతలు కావాలి. రెండు. ఇలా ఇవ్వండమ్మా. లాప్‌టాప్ వెనక వైపు కింద రెండు మూలలా ఇలా పెడుతున్నాను. కొంచెం లేచింది. చల్లబడనిచ్చి మళ్ళీ ఆడిస్తాను. ఈలోపు వేడి గురించి మాట్లాడుకుందాం.

వేడి

మేత పెట్టడమే కాదు, తిన్నది అరగాలి కదా. 140 వాట్లు లోపలికి పోతే ఆ 140 వాట్లూ వేడై బయటికి రావాలి. ఎక్కడికీ పోదు. రాగి గొట్టాలు దాన్ని మోసుకెళ్ళి రెక్కలకి ఇస్తాయి, ఫ్యాన్లు ఊదుతాయి. చాలా లాప్‌టాప్‌లలో సీపీయూకీ, జీపీయూకీ గొట్టాలు కలిసే ఉంటాయి. ఉమ్మడి కుటుంబం లాంటిది, ఒకరి కోపం ఇంకొకరి మీద పడుతుంది. సీపీయూ 95 డిగ్రీలకి చేరితే జీపీయూ ఊరికే వేడెక్కుతుంది. జీపీయూ చాలావాటిలో 87 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. పాడైపోయి కాదు, పాడవకుండా ఉండటానికి.

ఇప్పుడు గది వేడి. ఇది మన ఊరివాళ్ళు మర్చిపోతారు. నెట్‌లో స్కోరు పెట్టినవాడు ఏసీ గదిలో, 22 డిగ్రీల్లో పెట్టాడు. నా కొట్టు రేకుల షెడ్డు. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకి లోపల 40 డిగ్రీలు. గది ఒక డిగ్రీ పెరిగితే చిప్పు కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. అక్కడ 75లో ఆడుతున్న చిప్పు ఇక్కడ 93కి చేరాలి. చేరనివ్వదు కదా? 87 దగ్గరే వేగం కోసేసుకుంటుంది. నేనొకసారి ఒకే లాప్‌టాప్‌ని మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారుజామున అయిదింటికి ఒకసారి ఆడించాను. అదే మనిషి, అదే బల్ల, అదే ప్లగ్గు. మార్కులు వేరు. అప్పటినుంచి ఎవరి స్కోరు చూసినా నేను మొదట అడిగేది ఎక్కడ, ఎప్పుడు అని.

ఇక నా సిగ్గుచేటు కథ ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఈ సభలో ఉన్న ఒకాయనే లేచి చెబుతారు. ఆయన లాప్‌టాప్ రెండేళ్ళది, వేడెక్కుతోందని తెచ్చారు. విప్పాను. రెక్కల మధ్య దుమ్ము దూదిలా అట్టకట్టి ఉంది. దుమ్ము తీశాను. చిప్పు వేడిని పైకి అందించే పాత థర్మల్ పేస్టు గట్టిపడి అంచులకి జరిగిపోయి ఉంది, మధ్యలో చిప్పు కనపడుతోంది. తుడిచి కొత్తది రాశాను. గ్రాఫిక్స్ మెమరీ మీద మెత్తగా రబ్బరులాంటి ప్యాడ్లు ఉంటాయి, అవీ కొత్తవి వేశాను. బిగించి ఇచ్చాను. డబ్బు తీసుకున్నాను.

మూడో రోజు ఆయన తిరిగొచ్చారు. "మీరు బాగుచేశాక స్కోరు ఇంకా తగ్గిందండీ." నాకు టెన్షన్ పట్టుకుంది. మళ్ళీ విప్పాను. ప్యాడ్లకి రెండు వైపులా పల్చటి ప్లాస్టిక్ పొర వస్తుంది, ఒలిచి పెట్టాలి. ఒక ప్యాడుకి నేను ఒక వైపే ఒలిచాను. రెండో వైపు పొర అలాగే ఉంది, నీలం రంగుది, కళ్ళ ముందే ఉంది! నా వేలిగోరంత ముక్క. మెమరీ వేడి పైకి పోలేదు, కార్డు, అంటే జీపీయూ, వేగం తగ్గించుకుంది. క్షమించండని చెప్పి, ఒలిచి, డబ్బు వెనక్కిచ్చేశాను. ఇప్పుడు ఒలిచిన పొరలన్నీ బల్ల మీద లెక్కపెట్టుకుంటాను. ఆరు ప్యాడ్లు అంటే పన్నెండు పొరలు. పదకొండు ఉంటే మూత బిగించను.

చల్లబడింది. రెండోసారి నొక్కుతున్నాను. మళ్ళీ పది నిమిషాలు.

మొత్తం మార్కు అనే మాయ

స్కోరు అంటే ఏ స్కోరు? ఇది అడగకుండా పోట్లాడుకుంటారు. టైమ్ స్పై మూడు అంకెలిస్తుంది. పైన పెద్దక్షరాల్లో మొత్తం స్కోరు, కింద చిన్నగా గ్రాఫిక్స్ స్కోరు, సీపీయూ స్కోరు. మొత్తంలో గ్రాఫిక్స్‌కి 85 పాళ్ళు, సీపీయూకి 15 పాళ్ళు. మామూలు సగటు కాదు, హరాత్మక సగటు. అంటే అంకెల్ని తలకిందులు చేసి సగటు తీసి, మళ్ళీ తలకిందులు చేసేది.

రెండు లాప్‌టాప్‌లు. రెండింటికీ గ్రాఫిక్స్ సరిగ్గా 10,000. ఒకదాని సీపీయూకి 8,000, ఇంకోదానికి 12,000. మొత్తం ఎంతొస్తుంది? మొదటిదానికి 9,639 దగ్గర, రెండోదానికి 10,256. ఆరొందల తేడా! గ్రాఫిక్స్‌లో ఒక్క చుక్క తేడా లేదు. ఒకడు "నా కార్డు పదివేలు దాటింది" అంటాడు, ఇంకొకడు దిగులు పడతాడు. పిల్లాడి లెక్కల మార్కు తెలుసుకోవాలంటే మొత్తం మార్కులు అడుగుతామా? లెక్కల మార్కే అడుగుతాం. కార్డులు పోల్చేటప్పుడు గ్రాఫిక్స్ స్కోరు పోల్చండి. ఫైర్ స్ట్రైక్ స్కోరుతో టైమ్ స్పై స్కోరుని పోల్చేవాళ్ళూ ఉన్నారు. రెండూ 3డీమార్క్ పరీక్షలే, కానీ వేరు వేరు. అది 2013ది, విండోస్‌లో గేమ్ బొమ్మలు గీయించే డైరెక్ట్‌ఎక్స్‌లో 11వ వెర్షన్. ఇది 2016ది, 12వ వెర్షన్. ఒడియా పేపరు మార్కుని తెలుగు పేపరు మార్కుతో పోల్చినట్టు.

ర్యామ్ గురించి త్వరగా చెప్పేస్తాను. షాపులో 16 జీబీ అంటాడు. ర్యామ్ పుల్లల్లా వస్తుంది, ఒకటే పుల్లా, రెండు పుల్లలా అడగండి. 16 ఒకే పుల్ల అయితే సీపీయూకి డేటా వచ్చే దారి సగం వెడల్పే. 8, 8 రెండు పుల్లలైతే రెండు దారులు. టైమ్ స్పై గ్రాఫిక్స్ భాగంలో దీని ప్రభావం తక్కువ, ఎందుకంటే కార్డుకి తన మెమరీ తనకుంది. సీపీయూ స్కోరులోనూ, మామూలుగా గేమ్‌లు ఆడేటప్పుడూ బయటపడుతుంది. మనకి తెలిసిన ఉదాహరణ కావాలా? నౌపడ నుంచి గుణుపురం చిన్న రైలు. 1900లో పర్లాకిమిడి దాకా వచ్చింది. రెండున్నర అడుగుల పట్టా. పెద్ద ఇంజను తెచ్చి ఆ పట్టా మీద పెడితే పరిగెడుతుందా? 2011లో పెద్ద పట్టా పడ్డాకే కదా పెద్ద బండ్లు వచ్చాయి. అలాగన్నమాట. మంచి సంగతేమిటంటే, స్లాటు ఖాళీగా ఉంటే ఇంకో పుల్ల వేసుకోవచ్చు. ఇది నేను పది నిమిషాల్లో చేసే పని. వాట్లు పెంచడం నా చేతిలో లేదు.

తర్వాత మక్స్ స్విచ్. ఇది చాలామంది అడిగారు. గేమింగ్ లాప్‌టాప్‌లో రెండు జీపీయూలుంటాయి. ఒకటి సీపీయూలోనే ఉన్న చిన్నది, ఒకటి పెద్దది. మక్స్ లేని లాప్‌టాప్‌లో పెద్దది బొమ్మ గీసి, చిన్నదాని చేతికిస్తే, చిన్నది తెర మీద వేస్తుంది. పాతపట్నం ఇక్కడే, రోడ్డు దాటితే వచ్చేస్తుంది. టెక్కలి వెళ్ళి అక్కణ్ణుంచి పాతపట్నం వస్తారా ఎవరైనా? మక్స్ ఉంటే పెద్ద జీపీయూని తెరకి సూటిగా కలిపేయొచ్చు. సెకనుకి రెండొందల ఫ్రేములు పోయే తేలిక గేమ్‌లలో తేడా బాగా కనిపిస్తుంది, బరువైన గేమ్‌లలో తక్కువ. మక్స్ లేనివాళ్ళు బెంగపడొద్దు. చాలా లాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ సాకెట్టు పెద్ద జీపీయూకే సూటిగా కలిసి ఉంటుంది, బయట మానిటరు పెట్టుకుంటే చుట్టుదారి తప్పుతుంది.

ఆఁ, చెప్పండి మాస్టారూ. వోల్టేజీయా? నాకు తెలుసు, ఎవరో ఒకరు అడుగుతారని. సాయంత్రం మన వీధిలో బల్బు ఎర్రబడుతుంది, దానివల్ల లాప్‌టాప్ స్కోరు తగ్గిందని అంటారు. అడాప్టరు తిరగేసి చదవండి. 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది. 180కి పడినా దానికి లెక్కలేదు, అది ఇచ్చేది అది ఇస్తుంది. పాపం కరెంటు ఆఫీసువాళ్ళని ఈ ఒక్క విషయంలో వదిలేయండి. మీరు చూడాల్సింది అడాప్టరు వాట్లు. కంపెనీ 230 వాట్లది ఇచ్చింది, మీరు బరువని ఇంట్లో వదిలేసి టైప్-సీ 100 వాట్లది పట్టుకెళ్ళారు. లాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టి బిగదీసుకుంటుంది. బ్యాటరీ మీద ఆడించినా అంతే. ప్లగ్గు సాకెట్టులో వదులుగా ఉండి మధ్యమధ్యలో బ్యాటరీకి మారుతూ ఉంటే, స్కోరు పిచ్చిపిచ్చిగా వస్తుంది. నిరుడు ఒక కుర్రాడు కాశీనగర్ నుంచి మూడుసార్లు వచ్చాడు. మూడోసారి వాళ్ళింటి ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా తెమ్మన్నాను. పాపం లాప్‌టాప్‌ది ఏ తప్పూ లేదు.

చిన్నా చితకా ఇంకా ఉన్నాయి. డ్రైవరు వెర్షను. వెనకాల విండోస్ అప్‌డేట్ దిగుతూ ఉండటం. విండోస్‌లో మెమరీ ఇంటెగ్రిటీ అని రక్షణ ఒకటుంది, అది ఆన్‌లో ఉంటే కొద్దిగా తగ్గుతుంది. దాన్ని స్కోరు కోసం ఆపేయమని నేను చెప్పను, దొంగ సాఫ్ట్‌వేర్లు వేసుకునే మీకు అసలే చెప్పను. ఇక ఒకే ఫ్యాక్టరీలో, ఒకే రోజు చేసిన రెండు చిప్పుల మధ్య కూడా కొద్ది తేడా ఉంటుంది. ఒకటి తక్కువ వోల్టేజీతో పరిగెడుతుంది, ఒకటి ఎక్కువ అడుగుతుంది. ఒకే చెట్టు మామిడిపళ్ళే అనుకోండి. రెండు మూడు శాతం తేడాకి కొట్టుకి రాకండి. పదిహేను శాతం వస్తే రండి.

అమ్మా, మీరేదో అడగాలనుకుంటున్నారు. మైకు ఇవ్వండి. "మా వాడు ఇదంతా చెప్పడు, లక్ష రూపాయలు అంటాడు. షాపుకెళ్ళి నేనేం అడగాలి?" అంటున్నారు. చాలా మంచి ప్రశ్న. షాపుకి వెళ్ళే ముందు మోడల్ నంబరు పూర్తిగా రాసుకోండి. పూర్తిగా, చివరి అక్షరం దాకా, ఎందుకంటే ఒకే పేరు కింద పది రకాలుంటాయి. కంపెనీ సైటులో దాని వాట్లు చూడమని మీ అబ్బాయికి చెప్పండి. టీజీపీ అని ఉంటుంది, లేదా మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని. అది దొరకకపోతే, షాపులో నడుస్తున్న పీస్ ఉంటే కంట్రోల్ ప్యానెల్ తెరిచి చూపించమనండి. "అదంతా ఎందుకండీ, 4060యే కదా" అన్నాడనుకోండి, మీరు నవ్వుతూ కూర్చోండి. బంగారం షాపులో తూకం వెయ్యకుండా గొలుసు కొంటారా? మీకు నేను బేరం నేర్పక్కర్లేదు.

ఆ చివర బాబు? కూలింగ్ ప్యాడ్ కొనాలా అంటున్నావు. అయిదొందలది కొంటే లైట్లు వెలుగుతాయి. అది నీ ఇష్టం. ముందు దుప్పటి మీద పెట్టి ఆడటం మానెయ్. లాప్‌టాప్ గాలి కింద నుంచి పీల్చుకుంటుంది. దుప్పటి మీద పెడితే దాని ముక్కు మూసినట్టే. గట్టి బల్ల మీద పెట్టి వెనక కాస్త ఎత్తు పెట్టు, ఆ తర్వాత చూద్దాం ప్యాడ్ సంగతి.

అయిపోయింది, అయిపోయింది. రండి, ముందు వరసవాళ్ళు వచ్చి చూడండి, నేను చెప్పడం ఎందుకు. ఎంతుంది? చదువమ్మా, గట్టిగా. 98.1. పాస్. హాలు అదే, ఫ్యాన్లు అవే, నేను పేస్టు మార్చలేదు, మోడ్ మార్చలేదు. ఆ మూతలు ఎవరివో వచ్చి తీసుకెళ్ళండమ్మా, సంచిలో సీసాలు ఒలికిపోతాయి.